టోస్ట్‌మాస్టర్స్ సభ్యత్వం: ఆరు నెలల రుసుముకు దక్కేదేమిటి?

టోస్ట్‌మాస్టర్స్ అంటే నలుగురి ముందు మాట్లాడటం సాధన చేసే క్లబ్బుల అంతర్జాతీయ సంస్థ. ముందు డబ్బు లెక్క. టోస్ట్‌మాస్టర్స్ ఇంటర్నేషనల్‌కు ఆరు నెలలకోసారి 60 డాలర్లు కట్టాలి. చేరేటప్పుడు ఒకే ఒక్కసారి మరో 20 డాలర్లు. రూపాయల్లో ఆరు నెలలకు ఐదు వేల పైచిలుకు పడుతుంది. హాలు అద్దె, టీ ఖర్చుల కింద కొన్ని క్లబ్బులు ఇంకొంత కలుపుతాయి. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా ఒక విడత, అక్టోబర్ నుంచి మార్చి దాకా ఇంకో విడత. మధ్యలో చేరినవాళ్ళు మిగిలిన నెలలకే, నెలకు 10 డాలర్ల చొప్పున కడతారు. కాబట్టి కొత్త విడత కోసం ఆగనక్కర్లేదు. కట్టిన డబ్బు మాత్రం వెనక్కి రాదు. వారం వారం సభ పెట్టే క్లబ్బయితే ఆరు నెలల్లో సుమారు 24 సభలు వస్తాయి. సభకు రెండు వందల పైన కొంచెం, అంటే మామూలు హోటల్లో ఒక ప్లేటు బిర్యానీ ఖరీదు.

ఈ డబ్బుకు పాఠం చెప్పే మాస్టారు ఎవరూ రారు. కొత్తగా చేరేవాళ్ళు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. అమీర్‌పేటలో స్పోకెన్ ఇంగ్లీష్ కోర్సులో చేరినట్టు చేరి, "ఇక్కడ ఎవరూ నేర్పడం లేదే" అనుకుని రెండో నెలకే మానేస్తారు. 1924 అక్టోబర్‌లో కాలిఫోర్నియాలోని శాంటా ఆనాలో, వైఎంసీఏ భవనంలో రాల్ఫ్ స్మెడ్లీ మొదలుపెట్టిన నాటి నుంచీ పద్ధతి ఒకటే. సభ్యులే మాట్లాడతారు, సభ్యులే విని తప్పొప్పులు చెబుతారు, సభ్యులే సభ నడుపుతారు. మీకు దక్కేవి మూడు: నిలబడి మాట్లాడే చోటు, కచ్చితమైన గడియారం, శ్రద్ధగా విని ఉన్నదున్నట్టు చెప్పే ఒక మనిషి. మొదటి రెండూ ఏ క్లబ్బులోనైనా దొరుకుతాయి. మూడోది క్లబ్బును బట్టి మారుతుంది. అసలు సరుకు అదే కాబట్టి ఈ సమీక్షలో ఎక్కువ భాగం దాని గురించే.

ఇంగ్లీషులో వాక్యం కట్టడమే రానివాళ్ళు ముందు భాష నేర్చుకుని రావడం మంచిది. గ్రామేరియన్ అనే పాత్రధారి ఒకరు తప్పులు రాసుకుని చివర్లో చదువుతారు గానీ ఎందుకు తప్పో విడమరిచి చెప్పే తీరిక సభలో ఉండదు. కొందరికి వాక్యం వస్తుంది, రాసి ఇమ్మంటే ఇవ్వగలరు, నలుగురి ముందు మాత్రం గొంతు పెగలదు. ఆఫీసులో తెలిసిన సంగతి కూడా చెప్పలేక పక్కవాళ్ళు చెబుతుంటే వింటూ కూర్చుంటున్నారు. టోస్ట్‌మాస్టర్స్ సరిగ్గా అలాంటివాళ్ళ కోసమే. వయసు 18 నిండాలి.

సభలో గడియారం చేసే పని

సభ గంట నుంచి రెండు గంటలు ఉంటుంది. సిద్ధం చేసుకొచ్చిన ప్రసంగాలు రెండో మూడో, ఒక్కొక్కటి 5 నుంచి 7 నిమిషాలు. అప్పటికప్పుడు ప్రశ్న ఇచ్చి మాట్లాడించే టేబుల్ టాపిక్స్, మనిషికి 1 నుంచి 2 నిమిషాలు. ప్రతి ప్రసంగానికీ ఒక ఇవాల్యుయేటర్ లేచి 2 నుంచి 3 నిమిషాల్లో విమర్శ చెబుతారు. టైమర్ అనే పాత్రధారి చేతిలో ఆకుపచ్చ, పసుపు, ఎరుపు కార్డులో దీపాలో ఉంటాయి. 7 నిమిషాల ప్రసంగంలో 5 నిమిషాలకు ఆకుపచ్చ, 6కి పసుపు, 7కి ఎరుపు. ఆ పైన 30 సెకన్ల వెసులుబాటు. టేబుల్ టాపిక్స్‌లో ఇవే రంగులు 1 నిమిషానికి, నిమిషంన్నరకు, 2 నిమిషాలకు పడతాయి.

చాలామంది ఎరుపు చూశాక ముగింపు మొదలుపెడతారు. ముగింపుకు కనీసం ముప్పావు నిమిషం పడుతుంది కాబట్టి ఉన్న 30 సెకన్లూ దాటిపోతాయి, చివరి మాటను హడావిడిలో మింగేస్తారు. పసుపు చూడగానే, ఏ వాక్యంలో ఉంటే ఆ వాక్యం పూర్తిచేసి ముగింపులోకి వెళ్ళాలి. చెప్పాల్సిన ఉదాహరణ ఒకటి మిగిలిపోతే మిగిలిపోనివ్వాలి. ఈ ఒక్క అలవాటు ఆఫీసులో వెంటనే అక్కరకొస్తుంది. పావుగంట మీటింగులో మీ వంతు మూడు నిమిషాలైతే, రెండో నిమిషానికే తేల్చాల్సిన మాట తేల్చడం చేతనవుతుంది.

మన సభల అలవాటు ఒకటి ఇక్కడ అడ్డొస్తుంది. "వేదికను అలంకరించిన పెద్దలకు, సభకు విచ్చేసిన..." అంటూ మొదలుపెట్టే వరసకే అర నిమిషం పోతుంది. ఇంగ్లీషులో మాట్లాడినా ఆ వరస మనవాళ్ళను వదలదు. సభాధ్యక్షుడికి, సభ్యులకు, అతిథులకు కలిపి ఒకే సంబోధన చాలు. మొదటి 20 సెకన్లలో వినేవాళ్ళ చెవి పూర్తిగా మీదే. దాన్ని నమస్కారాలకు ఖర్చు చేయకండి.

ఆ-కౌంటర్ అనే పాత్రధారి మీరు వాడిన ఊతపదాలు లెక్కపెడతారు. ఇంగ్లీషు ప్రసంగంలో "సో", "బేసికల్లీ", "యాక్చువల్లీ", మధ్యలో తెలుగు నుంచి జారిపడే "అంటే", "ఏంటంటే". లెక్క విని కొత్తవాళ్ళు సిగ్గుపడి, తర్వాతిసారి ఆ మాటల్ని పట్టుకుని ఆపాలని చూస్తారు. అలా చేస్తే ప్రసంగం ఇంకా తడబడుతుంది. కారణం ఉంది. ఊతపదం వాక్యం మధ్యలో కంటే ఒక విషయం నుంచి ఇంకో విషయానికి దాటే చోట ఎక్కువగా వస్తుంది. తర్వాతి వాక్యం ఏ మాటతో మొదలవుతుందో మనసులో ఖాయం కాకపోతే నోరు ఆ ఖాళీని దేనితోనో పూడుస్తుంది. ప్రసంగంలో అలాంటి అతుకులు నాలుగో అయిదో ఉంటాయి. ఆ అయిదు వాక్యాలు మాత్రం కంఠతా పట్టి, ప్రతి అతుకు దగ్గరా నోరు మూసుకుని రెండు సెకన్లు ఆగడం సాధన చేయండి. అప్పుడు లెక్క దానంతటదే దిగుతుంది.

తెలుగులో మాట్లాడేవాళ్ళకు ఇంకో చిక్కు ఉంది, దీన్ని ఇవాల్యుయేటర్లు నింపే ఇంగ్లీషు ఫారాలు పట్టుకోలేవు. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. "ఆ ప్రాజెక్టు ఒప్పుకున్నాను" అన్నా "ఒప్పుకోలేదు" అన్నా తేడా అంతా ఆఖరి మాటలో ఉంది. ఊపిరి అయిపోయేదీ, గొంతు దిగేదీ కూడా అక్కడే. వెనక వరసలో కూర్చున్నవాళ్ళకు చివరి మాట వినపడక అర్థమే తారుమారవుతుంది. వాక్యాన్ని చిన్నది చేసి, ఆఖరి మాట దగ్గర గొంతు నిలబెట్టండి. సాధనలో ప్రతి వాక్యపు చివరి మాటనూ కావాలనే కొంచెం గట్టిగా పలికితే సభలో సరిపాళ్ళకు వస్తుంది.

మొదటి ప్రసంగం

పాఠ్యక్రమంలో ఒక్కో అభ్యాసాన్ని ప్రాజెక్టు అంటారు. మొదటి ప్రాజెక్టు పేరు ఐస్ బ్రేకర్: మిమ్మల్ని మీరు పరిచయం చేసుకోవడం, 4 నుంచి 6 నిమిషాలు. తేలిగ్గా అనిపిస్తుంది కాబట్టే ఎక్కువమంది దీన్ని పాడుచేసుకుంటారు. పుట్టిన ఊరు, నాన్న ఉద్యోగం, టెన్త్, ఇంటర్, ఎంసెట్, ఇంజినీరింగ్, ఇప్పటి కంపెనీ, హాబీలు. బయోడేటా చదివినట్టు 30 వివరాలు వస్తాయి, ఒక్కటీ గుర్తుండదు. జీవితంలోంచి ఒక్క దారం లాగండి. ఊళ్ళు మారుతూ పెరిగారనుకోండి, అదే దారం: మూడు ఊళ్ళు, ఒక్కో ఊళ్ళో ఒక సంఘటన, ఒక్కోదాని నుంచి మీకు అంటుకున్న ఒక అలవాటు. మూడుకు మించితే 6 నిమిషాల్లో పట్టదు.

ఎంత రాసుకోవాలన్నది లెక్కే. ఇంగ్లీషులో తాపీగా మాట్లాడితే నిమిషానికి 110 నుంచి 130 మాటలు. 6 నిమిషాల పరిమితికి 5 నిమిషాల సరుకే సిద్ధం చేయాలి, అంటే సుమారు 600 మాటలు. మిగిలిన నిమిషం ఆగడాలకూ నవ్వులకూ పోతుంది. తెలుగులో మాటలు పొడవు కాబట్టి ఈ లెక్క పనికిరాదు. ఫోన్‌లో ఒక నిమిషం మామూలుగా మాట్లాడి రికార్డు చేసుకుని, మాటలు లెక్కపెట్టి, అయిదుతో హెచ్చించండి.

మొత్తం బట్టీ పట్టకండి. బట్టీ పట్టిన ప్రసంగంలో ఒక్క వాక్యం జారితే వెనక ఉన్నవన్నీ జారతాయి, మనిషి నిలువునా ఆగిపోతాడు. కంఠతా రావాల్సినవి మొదటి నాలుగు వాక్యాలు, చివరి మూడు వాక్యాలు, ఇందాక చెప్పిన అతుకులు. మిగిలినదాన్ని చిన్న కార్డు మీద ఒక్కో సంఘటనకు రెండేసి మాటలుగా రాసుకుంటే చాలు. సాధన కూర్చుని మనసులో చదువుకుంటే కాదు. నిలబడి, గొంతెత్తి, టైమర్ పెట్టుకుని, కనీసం ఆరుసార్లు, వీలైతే నాలుగు రోజుల మీద. మూడోసారి దాకా ప్రతిసారీ నిడివి మారుతుంది. నాలుగోసారికి కుదురుకుంటుంది. ఆఖరి రెండుసార్లు ఇంట్లో ఒకరిని ఎదురుగా కూర్చోబెట్టండి.

మొదటి ప్రసంగానికి స్లైడ్లు వద్దు. చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక స్లైడ్ల వెనక దాక్కునే అలవాటు పడితే వదిలించుకోవడానికి ఏడాది పడుతుంది. చేతులు పక్కలకు వదిలేసి మొదలుపెడితే, మాట నడిచే కొద్దీ అవే కదులుతాయి.

ఇవాల్యుయేషన్: సరుకు నాణ్యత ఇక్కడ చూడాలి

"చాలా బాగా మాట్లాడారు. కాన్ఫిడెన్స్ బాగుంది. ఐ కాంటాక్ట్ ఇంకొంచెం పెంచుకుంటే బాగుంటుంది. ఆల్ ద బెస్ట్." ఇలాంటి ఇవాల్యుయేషన్ ఏ ప్రసంగానికైనా అతుకుతుంది. వినకుండా కూడా చెప్పొచ్చు. ఇదే తీరు సాగే క్లబ్బులో రెండేళ్ళు ఉన్నా, వేదిక భయం పోవడం తప్ప మాట్లాడే తీరు మెరుగుపడదు.

పనికొచ్చేది ఇలా ఉంటుంది: "రెండో నిమిషంలో మీ నాన్నగారి షాపు మూతపడిన సంగతి చెప్పేటప్పుడు మీరు కిటికీ వైపు చూశారు. అప్పటిదాకా ముందుకు వంగి వింటున్న నేను వెనక్కి వాలాను. ఆ వాక్యం ఒకరి కళ్ళలోకి చూసి చెప్పి, మూడు సెకన్లు ఆగి చూడండి." ఎక్కడ, ఏం జరిగింది, వినేవాళ్ళకు ఏమయింది, బదులుగా ఏం చేయాలి. ఈ నాలుగూ ఉంటేనే అది విమర్శ. ఇంకా మంచి ఇవాల్యుయేటర్ ఆ వాక్యాన్ని తానే రెండు రకాలుగా పలికి తేడా వినిపిస్తారు.

క్లబ్బుల్లో అందరూ నేర్పే పద్ధతి మెచ్చుకోలు, సూచన, మళ్ళీ మెచ్చుకోలు. మొదట్లో ఇది పనిచేస్తుంది. పద్ధతి ముదిరాక మాత్రం వినేవాళ్ళు మొదటి భాగాన్ని మర్యాద కింద తీసేస్తారు, మధ్యది చివరి పొగడ్తలో కొట్టుకుపోతుంది. మూడు నిమిషాల్లో రెండు బలాలు, ఒక్క సూచన, మహా అయితే రెండు. అంతకు మించి చెబితే మాట్లాడినవాళ్ళు ఏదీ పట్టుకోలేరు. బలాలకు కూడా సూచనకు ఉన్నంత వివరం ఉండాలి. "గొంతు బాగుంది" అనడం కన్నా "ధర చెప్పేముందు గొంతు తగ్గించారు, అందుకే అందరం చెవులు రిక్కించాం" అంటే, ఆ మనిషి దాన్ని మళ్ళీ చేయగలడు.

మీ వంతు వచ్చినప్పుడు పని ముందురోజే మొదలవుతుంది. మాట్లాడేవాళ్ళకు ఫోన్ చేసి రెండు ప్రశ్నలు అడగండి: ఇది ఏ ప్రాజెక్టు, మీరు ఏ ఒక్క విషయం మీద నన్ను కన్నేసి ఉంచమంటారు? ఆ ప్రాజెక్టు ఇవాల్యుయేషన్ ఫారం ముందే చదవండి. ప్రసంగం జరుగుతున్నప్పుడు కాగితాన్ని నిలువుగా రెండు భాగాలు చేసి, ఎడమ వైపు నిమిషం వేసి చూసింది విన్నది, కుడి వైపు ఆ క్షణాన మీకు ఏమనిపించింది. ప్రసంగం అయ్యాక ఎడమ వైపు నుంచి మూడింటి చుట్టూ గీత గీసి ఉంచుకోండి, మిగిలినవి వదిలేయండి. వదల్లేకపోవడమే కొత్త ఇవాల్యుయేటర్ల పెద్ద జబ్బు.

మన దగ్గర ఇంకో ఆటంకం వయసు, హోదా. ఇరవై నాలుగేళ్ళ అమ్మాయి యాభై ఏళ్ళ మేనేజర్ ప్రసంగాన్ని విమర్శించాలి. "సార్‌కి నేను చెప్పేంతదాన్నా" అంటూ తప్పుకోవడం తేలిక. దీనికి పనిచేసే మార్గం, తప్పు ఆయన మీద వేయకుండా మీకు జరిగింది చెప్పడం. "మీరు వేగంగా మాట్లాడారు" అనకుండా "మూడో పాయింటు దగ్గర నేను రాసుకోలేకపోయానండీ, రెండు వాక్యాలు పోయాయి" అనండి. మర్యాద చెడదు, విషయం దాగదు. ఇదే మాటతీరు ఆఫీసులో పైవాళ్ళకు అభ్యంతరం చెప్పాల్సినప్పుడు అచ్చంగా అక్కరకొస్తుంది. ఉద్యోగంలో ఎదుగుదలకు టోస్ట్‌మాస్టర్స్ ఇచ్చే అన్నిటిలోకీ ఇది విలువైనదని మా అభిప్రాయం. ప్రసంగం చేయడం కన్నా ఇవాల్యుయేషన్ చేయడమే ఎక్కువ నేర్పుతుంది. శ్రద్ధగా వినకుండా ఆ పని చేయలేరు, అలా వినడం మనకు ఏ బడిలోనూ నేర్పలేదు.

ఇంటర్వ్యూకు వెళ్ళేవాళ్ళు టేబుల్ టాపిక్స్ వదలొద్దు

"మీ గురించి చెప్పండి" అన్న ప్రశ్నకు ఇంటర్వ్యూలో నిమిషంన్నర సమాధానం సరిపోతుంది. టేబుల్ టాపిక్స్ నిడివి కూడా దాదాపు అంతే. ప్రశ్న అప్పటిదాకా తెలియదు, లేచి నడిచి వెళ్ళే పది సెకన్లే ఆలోచనకు సమయం. అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడికి తొణకకుండా బదులిచ్చే అవధాని నేర్పులో చిన్న ముక్క ఇది. సాధనతో వస్తుంది, పుట్టుకతో రానక్కర్లేదు.

నడుస్తూ ఒక్క పని చేయండి: అవుననో కాదనో ఒక పక్షం ఎంచుకోండి. ఏది ఎంచుకున్నా ఫర్వాలేదు. రెండు వైపులా మంచిచెడ్డలు చెప్పబోతే రెండు నిమిషాల్లో రెండూ తేలవు. మొదటి వాక్యంలో మీ పక్షం, తర్వాత నిమిషం పాటు ఒకే ఉదాహరణ, చివరి వాక్యంలో మళ్ళీ మీ పక్షం. ప్రశ్న బొత్తిగా తెలియని విషయమైతే, అందులో ఒక్క మాట పట్టుకుని మీకు తెలిసిన చోటికి తెచ్చుకోండి. ఇంటర్వ్యూలో మాత్రం ఇలా దారి మళ్ళించకూడదు. అక్కడ సూటిగా తెలియదని చెప్పి, తెలిసిన దగ్గరి విషయం చెప్పాలి. ఈ తేడా మరిచి దెబ్బతిన్న టోస్ట్‌మాస్టర్లు ఉంటారు.

సభలో టేబుల్ టాపిక్స్ మాస్టర్ ఎవరిని పిలుస్తారో తెలియదు. పెద్ద క్లబ్బులో రెండు నెలలైనా మీ వంతు రాకపోవచ్చు. ముందుగానే ఆయనకో ఆవిడకో చెప్పి అడిగి తీసుకోండి. నెలకు రెండుసార్లు లేవకపోతే అలవాటు నిలవదు.

క్లబ్బును ఎంచుకోవడం

అతిథిగా వెళ్ళడానికి డబ్బు కట్టక్కర్లేదు. టోస్ట్‌మాస్టర్స్ వెబ్‌సైట్‌లో మీ ఊరి పేరు కొడితే దగ్గరి క్లబ్బులూ, సభ జరిగే రోజులూ వస్తాయి. కనీసం మూడు క్లబ్బులు చూసి, నచ్చినదానికి రెండోసారి వెళ్ళి అప్పుడు కట్టండి. టేబుల్ టాపిక్స్‌కు పిలిస్తే వద్దనే హక్కు అతిథికి ఉంది. చివర్లో అభిప్రాయం అడుగుతారు, రెండు వాక్యాలు చాలు.

చూడాల్సినవి కొన్నే. సభ చెప్పిన వేళకు మొదలైందా? పదిహేను నిమిషాలు ఆలస్యమైతే టైమర్ ఉండి లాభం లేదు, చివర కోతపడేది ఇవాల్యుయేషన్లకే. ఆ రోజు పాత్రలన్నీ ముందే నిండి ఉన్నాయా, లేక గుమ్మం దగ్గర బతిమాలి పూరిస్తున్నారా? ఒకే మనిషి మూడు పాత్రలు చేస్తుంటే క్లబ్బు నీరసంగా ఉన్నట్టు. కొత్త క్లబ్బు ప్రారంభానికి 20 మంది కావాలి, ఆ తర్వాత ఎనిమిది మంది ఉన్నా నడుస్తుంది. ఎనిమిది మందితో నడిచేచోట మీకు అవకాశాలు ఎక్కువే గానీ ప్రతి వారం అవే ముఖాలు, అవే సూచనలు. హాలులో 15 నుంచి 25 మంది ఉంటే కొత్తవాళ్ళకు నప్పుతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా ఇవాల్యుయేషన్లు రాసుకోండి. ఇంటికి వచ్చి చదివితే, ఏ సూచన ఏ ప్రసంగానిదో చెప్పగలుగుతున్నారా? చెప్పలేకపోతే ఆ క్లబ్బు వదిలేయండి, టీ ఎంత బాగున్నా సరే.

మాదాపూర్, గచ్చిబౌలి చుట్టుపక్కల కంపెనీల లోపలి క్లబ్బుల్లో రుసుము పూర్తిగానో సగమో కంపెనీయే కడుతుంటుంది. నడక దూరం, డబ్బు మిగులు. కానీ ఎదురుగా మీ టీమ్ లీడ్ కూర్చుంటారు. ఓటమి గురించో, ఉద్యోగం మారాలన్న ఆలోచన గురించో అక్కడ మనసు విప్పరు, ప్రసంగాలన్నీ సురక్షితమైన విషయాల మీదే తిరుగుతాయి. సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉన్న వారాల్లో సభ రద్దవుతుంది. ఉద్యోగం మారే ఆలోచన ఉన్నవాళ్ళు బయటి క్లబ్బులో చేరడమే నయం. ఆదివారం పొద్దున బడిలోనో కమ్యూనిటీ హాల్లోనో జరిగే సభల్లో బ్యాంకు ఉద్యోగి, డాక్టరు, చిన్న వ్యాపారి, రిటైరైన లెక్చరర్ కలిసి కూర్చుంటారు. మీ రంగం గురించి తెలియనివాళ్ళకు చెప్పి ఒప్పించడమే అసలైన పరీక్ష. దగ్గర్లో క్లబ్బు లేని ఊళ్ళవాళ్ళకు ఆన్‌లైన్ క్లబ్బులు ఉన్నాయి. గొంతు, నిర్మాణం అక్కడా నేర్చుకోవచ్చు. నిలబడే తీరు, చూపు మాత్రం రావు. కెమెరాను కంటి ఎత్తుకు పెట్టి, లేచి నిలబడి మాట్లాడితే కొంత నయం.

నచ్చనివి

పాఠ్యక్రమం పేరు పాత్‌వేస్. ఒక దారి ఎంచుకుని అయిదు స్థాయిలు దాటాలి. ఎటూ తేలకపోతే ప్రెజెంటేషన్ మాస్టరీ తీసుకోండి, టీమ్ నడుపుతున్నవాళ్ళకు డైనమిక్ లీడర్‌షిప్ పనికొస్తుంది. మొదటి స్థాయిలో ఒక ప్రాజెక్టు మొత్తం పాఠ్యక్రమంలోకే మేలైనది: ఒక ప్రసంగం చేసి, వచ్చిన విమర్శను ఇంకో ప్రసంగంలో అమలు చేసి చూపి, ఆపైన మీరే ఒకరికి ఇవాల్యుయేటర్‌గా నిలబడాలి. ఆ రెండింటికీ విషయం మార్చకుండా ఒకే ప్రసంగాన్ని తిరగరాసి చెప్పండి, మార్పు కళ్ళకు కడుతుంది. పాఠాలు ఉండే వెబ్‌సైట్ బేస్ క్యాంప్‌లో కొత్తవాళ్ళు దారి తప్పడం మామూలు. ప్రాజెక్టు పూర్తయినట్టు గుర్తుపెట్టడం మరిచిపోయి, ఆరు ప్రసంగాలు చేసి కూడా మొదటి స్థాయి దాటనివాళ్ళు కనిపిస్తారు. ప్రసంగం చేసిన రాత్రే ఆ పని ముగించండి. పాఠాలు తమిళంలో ఉన్నాయి, తెలుగులో లేవు. క్లబ్బు ఏ భాషలో నడవాలన్నది క్లబ్బు ఇష్టం. అమెరికాలో మనవాళ్ళు తెలుగులోనే నడిపే క్లబ్బులున్నాయి. ఇక్కడ తెలుగు క్లబ్బులు పెరగాలన్నా, తెలుగులో పాఠాలు రావాలన్నా అడిగేవాళ్ళు ఉండాలి.

పోటీల మోజు మరో సమస్య. అంతర్జాతీయ ప్రసంగ పోటీ కోసం తయారయ్యేవాళ్ళలో ఒక నాటకీయ ధోరణి వస్తుంది: గుసగుస, హఠాత్తుగా కేక, వేదిక మీద మోకాలి మీద కూర్చోవడం. పోటీలో మార్కులు పడతాయేమో గానీ సోమవారం ఉదయం ప్రాజెక్టు మీటింగులో ఆ గొంతు ఎబ్బెట్టుగా ఉంటుంది. మొదటి ఏడాది పోటీలు చూడండి, దిగకండి. దిగాలనిపిస్తే ఇవాల్యుయేషన్ పోటీలో దిగండి.

దానికి బదులు పదవి తీసుకోండి. క్లబ్బుకు ఏడుగురు పదాధికారులు ఉంటారు. అందులో వీపీ ఎడ్యుకేషన్, అంటే సభ్యుల శిక్షణ చూసే ఉపాధ్యక్షుడి పని నిజమైన మేనేజరు పని. ఎవరు ఎప్పుడు మాట్లాడాలో మూడు వారాల ముందే షీటులో నింపాలి, ఆఖరి నిమిషంలో రానన్నవాళ్ళ చోట ఇంకొకర్ని నిలబెట్టాలి, వెనకబడినవాళ్ళను కదిలించాలి. జీతం లేదు, ఎవరి మీదా అధికారం లేదు, మాటతోనే పని చేయించుకోవాలి. మొదటిసారి టీమ్ లీడ్ కాబోయేవాళ్ళకు ఇంతకన్నా చవకైన శిక్షణ కనపడదు. వారానికి రెండు మూడు గంటలు పోతాయని తెలిసే ఒప్పుకోండి. మొదటి ఆరు నెలల్లో మాత్రం వద్దు.

ఆ మొదటి ఆరు నెలలకు ఒక కొలత పెట్టుకోవచ్చు. 24 సభల్లో 20కి హాజరు, నాలుగు ప్రసంగాలు, టేబుల్ టాపిక్స్ పన్నెండు, ఇవాల్యుయేషన్లు మూడు, టైమర్, ఆ-కౌంటర్ పాత్రలు రెండేసిసార్లు. ప్రతి ప్రసంగం ఫోన్‌లో రికార్డు చేయించుకోండి, ఇవాల్యుయేషన్ ఫారాలు ఒక ఫైల్లో దాచండి. రెన్యువల్ గడువులు అక్టోబర్ 1, ఏప్రిల్ 1. గడువుకు వారం ముందు క్లబ్బు కోశాధికారి నుంచి మెసేజ్ వచ్చినప్పుడు, మొదటి రికార్డూ చివరి రికార్డూ ఒకదాని తర్వాత ఒకటి వినండి. ఫైల్లోని నాలుగు ఫారాలూ పక్కపక్కన పరవండి. నాలుగింటిలోనూ అదే సూచన ఉంటే అది మీరు చేయాల్సిన పని, ఇంకో ఆరు నెలలు కట్టండి. నాలుగింటిలోనూ సూచనే లేకపోతే ఆ డబ్బు వేరే క్లబ్బుకు కట్టండి.